సైన్స్ ఫిక్షన్ సినిమాలు, దయ్యాల టీన్ నవలలు: ఏది నమ్మబుద్ధయితది, ఏది కాదు?

హన్మకొండ పుస్తకాల పురుగు:
అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండల ఇంటర్ పిల్లలు పన్నెండు మంది ఆదివారం ఆదివారం కూసోని సినిమాలు, పుస్తకాల ముచ్చట పెడుతున్నరు. ఈ నెల సైన్స్ ఫిక్షన్ సినిమాలు, ఇంగ్లీషుల వచ్చే దయ్యాలు-రక్తపిశాచాల టీన్ నవలలు తీసుకున్నరు. ప్రతి వారం ఒకటే లొల్లి. సగం మంది "గ్రాఫిక్స్ మస్తున్నయి" అంటరు, సగం మంది "అంతా ఉత్తదే" అంటరు. అక్కడికి ముచ్చట ఒడుస్తది.

మూడు అడుగుతున్న. సినిమాల సైన్సును ఇంటర్ లెక్కలతోని తూచొచ్చా? టీన్ నవలల కొన్ని మొదలు బాగుండి నడుమల చల్లబడ్తయి, ఎందుకు? ఇద్దరు పిల్లలు ఓరుగల్లుల జరిగే దయ్యాల నవల రాస్తమంటున్నరు, వాళ్లకు ఏం చెప్పాలె? "బాగుంది, బాగలేదు" కాకుంట, చేతికి తగిలేటట్టు చెప్పుండ్రి.

కాజీపేట ఫిజిక్స్:
తూచొచ్చు. కాకపోతే ముందుగాల ఒక ఒప్పందం చేసుకోవాలె. ప్రతి కథకు ఒక్క అబద్ధం మాఫీ. రెండోదానికి మార్కులు కొయ్యిండ్రి. అట్లయితే "అంతా ఉత్తదే" అనేటోళ్లకు కూడ పని దొరుకుతది.

మార్స్ మీద చిక్కుకున్న మనిషి సినిమా, 2015లది, 'ది మార్షియన్'. మొదట్లనే తుఫాను వచ్చి రాకెట్ ఒరిగిపోయేటట్టు ఉంటది. గాలి నెట్టే బలం దాని సాంద్రత మీద, వేగం వర్గం మీద ఆధారపడ్తది. భూమి మీద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు, మార్స్ మీద 0.02 కిలోలు. అంటే అరవై వంతులు తక్కువ. అరవైకి వర్గమూలం సుమారు 8. కాబట్టి అక్కడ గంటకు 160 కిలోమీటర్ల గాలి మనకు 20 కిలోమీటర్ల గాలి లెక్క తగులుతది. చింతాకు ఊగుతది, రాకెట్ ఊగది. ఇది అబద్ధం నంబర్ ఒకటి, మాఫీ. ఆ తర్వాత ఆలుగడ్డలు పండిచ్చేకాడ ఆగుండ్రి. మార్స్ మట్టిల పెర్‌క్లోరేట్ ఉప్పులున్నయని 2008ల ఫీనిక్స్ నౌక తేల్చింది, అవి మనిషికి మంచివి కావు. నీళ్లతోని కడిగితే పోతయి, కాని కథల నీళ్లకే కరువు. ఆ మట్టి కడగనీకి ఎన్ని లీటర్లు కావాలె అనేది పిల్లలకు మంచి చర్చ.

'గ్రావిటీ' 2013లది. అండ్ల హబుల్ టెలిస్కోప్ దగ్గరినుంచి వీపుకు కట్టుకున్న జెట్‌తోని స్పేస్ స్టేషన్‌కు పోతరు. ఎత్తుల తేడా చిన్నదే, అసలు తకరారు కక్ష్య వంపుతోని, అంటే భూమధ్యరేఖకు కక్ష్య ఎంత ఒరిగి ఉందన్నది. హబుల్ 28.5 డిగ్రీలు, స్టేషన్ 51.6 డిగ్రీలు. వేగం సెకనుకు 7.6 కిలోమీటర్లనుకోండ్రి. రెండు వంపుల తేడాల సగం 11.55 డిగ్రీలు. 2 × 7.6 × సైన్ (11.55 డిగ్రీలు) చేస్తే దిశ మార్చనీకే సెకనుకు 3 కిలోమీటర్ల వేగం కావాలె. నాసా వాడిన అసలు వీపు జెట్ ఇచ్చేది సెకనుకు 25 మీటర్ల చుట్టుపక్కల. నూట ఇరవై వంతుల తేడా! అయినా ఆ సినిమాకు నేను మార్కులు బాగనే ఏస్త. బయట శూన్యంల పేలుడు చప్పుడు పెట్టకుంట, సూట్‌కు తగిలిన అదురు మాత్రమే వినిపిచ్చిండ్రు. అది చెవులతోని చేసిన సైన్సు.

మన తెలుగు సినిమా పేరుతోని కూడ ఒక లెక్క ఉంది: 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్', 2018. కథల ఆ అంకె ఎట్ల వాడిండ్రన్నది పక్కకు పెట్టి, అంకెను మాత్రమే పట్టుకోండ్రి. గంటకు 9000 అంటే సెకనుకు 2.5 కిలోమీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యల ఉండాలంటే సుమారు 7.8 కావాలె. 2.5తోని గుండ్రంగ తిరగాలంటే ఎంత ఎత్తుల ఉండాలె? భూమి ఆకర్షణ స్థిరాంకం 398600ను వేగం వర్గం 6.25తోని భాగిస్తే 63,776 కిలోమీటర్లు, ఇది భూమి నడిమినుంచి. 6,378 తీసేస్తే ఎత్తు 57 వేల పైచిలుకు. టీవీ ఉపగ్రహాలు 35,786 దగ్గరుంటయి, అంటే వాటికన్న పైన. ఒక్క టైటిల్‌తోని ఒక క్లాసు ఒడుస్తది.

ములుగు రోడ్డు:
సార్, 'ఇంటర్‌స్టెల్లార్' ఇడిచిపెట్టిండ్రు. 2025 ఫిబ్రవరిల మల్ల థియేటర్లకు వస్తే పిల్లలు ఎగబడ్డరు. అండ్ల బ్లాక్ హోల్ పక్కనున్న నీళ్ల గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడేండ్లు అన్నది నిజమైతదా?

కాజీపేట ఫిజిక్స్:
లెక్క ప్రకారం కావొచ్చు. ఏడేండ్లల్ల సుమారు 61,360 గంటలు. అంటే ఆ నీళ్ల గ్రహం మీద గడియారం అరవై వేల వంతులకు మించి మెల్లగ నడవాలె. దానికి బ్లాక్ హోల్ దాదాపు గరిష్ఠ వేగంతోని తన చుట్టు తాను తిరగాలె. ఈ లెక్క కట్టిచ్చింది కిప్ థార్న్, 2017ల నోబెల్ వచ్చినాయన. ఇండ్ల నాకు నచ్చేది వేరే. అక్కడినుంచి పంపే రేడియో సిగ్నల్ గూడ అన్నే వంతులు సాగుతది. 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దూరమున్నోనికి 1.6 కిలోహెర్ట్జ్ లెక్క అందుతది. అందుకే ఏండ్ల తరబడి వచ్చిన సిగ్నల్ నిజానికి కొన్ని నిమిషాల కిందిదని కథల తేలుతది. ఒక నియమం పెట్టి, దాని బాకీ పాత్రలతోని కట్టిచ్చిండ్రు. తిరిగి ఓడకొచ్చేసరికి 23 ఏండ్లు పోతయి.

కొయ్యాల్సిన మార్కు ఇక్కడ: భూమినుంచి లేవనీకి పెద్ద రాకెట్ తోకకు కట్టుకున్న ఆ చిన్న ఓడ, భూమికన్న 30 శాతం ఎక్కువ ఆకర్షణ ఉన్న గ్రహం మీదినుంచి మాత్రం ఒంటిగ లేస్తది. రెండో అబద్ధమన్నట్టు.

'కల్కి 2898 ఏడీ' గురించి అడుగుతరు, ముందే చెప్తున్న. తలకిందుల పిరమిడ్ లెక్క ఉన్న కాంప్లెక్స్, కింద ఎండిన కాశి, చూడనీకి అద్భుతం. పదిలక్షల యూనిట్లుంటే (ఆ లోకంల పైసలు) పైకి పోవచ్చన్నది మంచి నియమం. కాని ఒక పూట బువ్వకు ఎన్ని యూనిట్లో ప్రేక్షకుని మనసుల ముందుగాల నాటాలె. నాకైతే నాటలే. పది లక్షలంటే ఎంత దూరమో తెల్వకపోతే వాని ఆశ బరువు కూడ తెల్వది.

నవలల అక్క, సుబేదారి:
చెల్లీ, రెండో ప్రశ్నకు నేను చెప్తాను. సార్ చెప్పిన ఒక్క అబద్ధం సూత్రం నవలలకూ పనిచేస్తుంది. కాకపోతే టీన్ నవలలో అబద్ధం కన్నా దాని హద్దు ముఖ్యం.

'ట్వైలైట్' (2005) మీద ఎంత ఎక్కిరింపు ఉన్నా, ఒక పని చాలా తెలివిగా చేసింది. అందులో రక్తపిశాచాలు ఎండకు కాలిపోరు, మెరుస్తారు. మెరిస్తే జనం గుర్తుపడతారు. అందుకే వాళ్లు ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే ఫోర్క్స్ అనే ఊళ్లో కాపురం పెట్టారు. అంటే నియమమే ఊరిని ఎంచుకుంది. మీ ఇద్దరు రచయితలు చేయబోయే మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది: ఆ నియమాన్ని అట్లాగే ఎత్తుకొచ్చి ఓరుగల్లులో పెడతారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు. మధ్యాహ్నం మనుషులే బయటికి రారు, ఇక రక్తపిశాచం రాకపోవడంలో వింతేముంది? ఎవరికీ అనుమానం రాదు, కథలో బిగువు ఉండదు. ఇక్కడి వాతావరణం నుంచే నియమం పుట్టాలి. డిసెంబరు తెల్లవారుజాము మంచు, జులై ముసురు, ఎండాకాలం రాత్రి మేడ మీద పడక. ఊరంతా ఆరుబయట పడుకునే రాత్రి కన్నా దయ్యానికి ఇబ్బందైన రాత్రి ఏముంటుంది!

రెండోది వయసు. ఆ నవలలో అబ్బాయి 1918లో, పదిహేడేళ్లప్పుడు మారిపోయి అట్లాగే ఆగిపోయాడు. కానీ వాడి మాటలో, చేతలో 1918 ఎంత కనిపిస్తుంది? చాలా తక్కువ. ఈ తరహా నవలలన్నిటికీ ఇదే జబ్బు, నూరేళ్లు బతికినవాడు ఇంటర్ పిల్లాడిలా మాట్లాడతాడు. 1918లో ఓరుగల్లులో పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయిన అబ్బాయిని ఊహించండి. వాడు నిజాం రాజ్యంలో పుట్టాడు. చదువు ఉర్దూలో సాగి ఉంటుంది, ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది కూడా ఆ ఏడే. వాడి చేతిలో పైసలు హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం, లెక్క అణాల్లో. ధర అడిగితే "ఆరణాలా?" అని నోరు జారాలి. దూరం కోసులో, బియ్యం శేర్లలో చెప్పాలి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వాడికి "కొత్త మిల్లు". ఇప్పుడు ఆ మిల్లు లేదు, వాడి చెవి మాత్రం షిఫ్టు కూత కోసం ఎదురుచూడాలి. పెద్దవాళ్లను "తమరు" అంటాడు, క్లాసులో అమ్మాయిని "మీరు" అంటాడు. ఆ అమ్మాయి మొదటిరోజే "ఏందిర గిట్ల మాట్లాడుతున్నవ్" అనాలి. మీరు, నువ్వు అన్న తేడాతో ప్రేమకథ నడపడం ఇంగ్లీషు నవలకు చేతకాదు, మనకు చేతనవుతుంది. వాడు ఎన్నో పేజీలో "నువ్వు" అంటాడో పాఠకుడు కాచుకుని కూర్చుంటాడు.

నడుమ ఎందుకు చల్లబడతాయి అన్నావు. ఎక్కువసార్లు కారణం, మూడోవంతు దాటగానే కొత్త శక్తి పుట్టుకురావడం. చిక్కు వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త మంత్రం. పిల్లలకు ఒక పని చెప్పు: కథ రాసేముందు ఒక్క కాగితం మీద ఐదు వాక్యాలు రాయాలి. ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎప్పుడు, ఎక్కడ, చేసినందుకు ఏం పోగొట్టుకుంటుంది. మొదటి ముప్పై పేజీల్లోపే ఈ ఐదూ ఏదో ఒక సంఘటనలో కనిపించాలి. ఆ తర్వాత ఆరో వాక్యం చేర్చడానికి వీల్లేదు. ఇంకోటి, అమ్మానాన్నలను కథలోంచి తరిమేయడం ఈ నవలల చెడ్డ అలవాటు. మన ఇళ్లలో పదహారేళ్ల పిల్ల రాత్రి పదకొండుకు గేటు దాటి పోవడమే సగం సాహసం. దాన్ని వదులుకుంటే ఎట్లా?

జనగామ జానపదం:
అక్క చెప్పింది సగం ఒప్పుకుంట. మన దయ్యాలకు కాగితం మీద నియమాలు లేవు, కాని జాగా ఉన్నది, యాళ్ల ఉన్నది, ఇడిపిచ్చే పద్ధతి ఉన్నది. అది చాలు. దిష్టి తీసుడే చూడుండ్రి. ఎండుమిరపకాయలు, గల్లుప్పు గుప్పిట పట్టి మూడు సుట్లు తిప్పి పొయ్యిల ఏస్తరు. ఘాటు వస్తే ఏం లేదన్నట్టు, ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఎంత మంచి భయం ఇది! ఏదో జరిగితే కాదు, జరగాల్సింది జరగకపోతే భయం. ఒక సీన్ల అమ్మ పిరికెడు మిరపకాయలు నిప్పుల ఏస్తది, ఇంట్ల ఎవ్వరు తుమ్మరు. గ్రాఫిక్స్ అక్కరలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగ చెప్పాలె. బాణామతి, చేతబడిని టీన్ నవలల మసాలా లెక్క వాడొద్దు. మంత్రాల నెపంతోని మనుషుల్ని కొట్టి సంపిన వార్తలు మన దిక్కు వచ్చినయి. కథల "ఫలానా ముసలామె చేసింది" అని తేల్చిండ్రంటే ఆ నెపానికే బలమిచ్చినట్టు. కొరివి దయ్యం రాయిండ్రి, మర్రిచెట్టు రాయిండ్రి, పక్కింటి ఆమె మీద పెట్టకుండ్రి. మేడారం గూడ అంతే. చిలకలగుట్ట మీదికెల్లి సమ్మక్క కుంకుమ భరిణె రూపంల వస్తది, అది జనం కొలుపు. దాన్ని పట్టుకపోయి దయ్యాల కథల కలపొద్దు.

భూపాలపల్లి షిఫ్ట్:
రాసేటోళ్లకు జాగా కావాలంటే బొగ్గుబాయి చూసుకోండ్రి. కాని చాన కథలల్ల తప్పులే.

ఒకటి. బాయిల అగ్గిపెట్టె, సిగరెట్, సెల్‌ఫోన్ బంద్. దిగేముందు తనిఖీ ఉంటది. మీథేన్ గాలిల 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి హీరో సెల్ టార్చ్ ఏసుకోని పోయిండంటే చదివేటోడు నవ్వుతడు. నెత్తిమీద క్యాప్ ల్యాంప్ ఒక్కటే దిక్కు. అది ఆరితే మన చెయ్యి మనకు కనవడది. దీనికి మించిన భయం ఏం కావాలె?

రెండు. 18 ఏండ్లు నిండనోళ్లను గనిల పనిల పెట్టుకోవద్దని చట్టం ఉన్నది. ఇంటర్ పిల్లగాడు కిందికి ఎట్ల దిగిండో కథల జవాబుండాలె. పాత మూసేసిన ఇంక్లైన్ (బాయిలకు వాలుగ దిగే దారి) మూతి అని రాస్తే, అండ్ల ఆక్సిజన్ తక్కువున్న చెడుగాలి ఉంటదని గూడ రాయాలె. వాసన రాదు, కండ్లు తిరుగుతయి.

మూడు, చప్పుడు. రూఫ్ గట్టిగున్నదా లేదా అని కడ్డీతోని కొట్టి చూస్తరు. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడొస్తే పొర ఊడి ఉన్నది, పక్కకు జరగాలె. ఎవ్వరు లేని కాడినుంచి ఆ కడ్డీ చప్పుడు ఇనొస్తే, అదీ డొల్లగ? మీ ఇష్టం ఇగ.

నాలుగోది సైన్స్ ఫిక్షన్ రాసేటోళ్లకు. బొగ్గు పొరల డైనోసార్ ఎముక దొరికిందని రాయకుండ్రి. మన బొగ్గు పెర్మియన్ కాలంది, 25 కోట్ల ఏండ్ల పైమాట, అప్పటికి డైనోసార్లు పుట్టనే లేవు. బొగ్గు పక్క రాళ్లల్ల కనవడేది గ్లోసాప్టెరిస్ ఆకు అచ్చు, నాలుక ఆకారంల ఉంటది. డైనోసారే కావాలంటే ప్రాణహిత-గోదావరి లోయల దొరికిన కోటాసారస్ ఉన్నది. అది ఎన్కటి జురాసిక్‌ది, బొగ్గు కన్న పై పొరలది. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలబెట్టిండ్రు.

హన్మకొండ పుస్తకాల పురుగు:
అందరికి శనార్తులు. వచ్చే ఆదివారం 'గ్రావిటీ' లెక్క, దాని తర్వాత అక్క చెప్పిన ఐదు వాక్యాల కాగితం పెడ్త. రాసే పిల్లలు ఇప్పటికే గుడుగుడు పెట్టిండ్రు: 1918 పిల్లగాన్ని బొగ్గుబాయిల దింపొచ్చా?

భూపాలపల్లి షిఫ్ట్:
దింపొచ్చు. ఒంటికి పదిహేడే గాని, పుట్టిన తేదీ చూస్తే నూరేండ్లు దాటిండు. మస్టర్ (హాజరు పట్టీ) కాడ ఏ వయసు రాయిస్తడో అక్కడికెల్లి మొదలువెట్టుండ్రి.