"కళ్ళారా" అంటే కళ్ళతోనా, కళ్ళ నిండానా?

పారిస్ నుంచి చెన్నై వచ్చిన రోజే మా అక్కకి ఫోన్ చేసి "మోనాలిసాని కళ్ళారా చూశానక్కా" అన్నాను. "ఎంతసేపు?" అంది. ఒక్క నిమిషం. లూవ్ర్ మ్యూజియంలో మాకు దొరికింది మూడు గంటలు, నాలుగింటికి టూరు బస్సు. క్యూలో ముప్పావు గంట నిలబడ్డాక, ముందువాళ్ళ ఫోన్ల సందుల్లోంచి 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు ఉన్న ఆ పటం కనిపించింది. "దాన్ని కళ్ళబడింది అంటారు, కళ్ళారా అనరు" అని తేల్చేసింది అక్క. రిటైరైన తెలుగు టీచరు, వాదించి గెలవలేం. కానీ "యాక్సిడెంట్ కళ్ళారా చూశాను" అంటాం కదా? అదీ క్షణంలో అయిపోయేదే. మీరేమంటారు?

పెరంబూరు నుంచి: ఆరడం అంటే ఎండడం కదా. రెప్ప వేయకుండా, కళ్ళు ఆరిపోయేదాకా చూడటం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ!

మాంబళం నుంచి: భలే ఊహ, కానీ కాదండీ. ఇది వేరే "ఆరు". నిండటం, తృప్తి పడటం. సొంపారు, పెంపారు అన్న మాటల్లో ఉన్నది ఇదే. పోతన భాగవతం మొదట్లో "చేతులారంగ శివుని పూజింపడేని, నోరు నొవ్వంగ హరికీర్తి నుడువడేని" అన్నాడు. పక్కపాదంలో నోరు నొప్పి పుట్టేదాకా అంటున్నాడంటే, ఇక్కడ చేతులకి తనివి తీరేదాకా అనే కదా. ఒక పువ్వు విసిరి బస్సెక్కితే చేతులారంగ అవ్వదు. మా పక్కింటి తమిళావిడ తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళని "కణ్ణార పాత్తీంగళా?" అని అడుగుతుంది. అదీ ఈ ఆరే. అక్కగారికే నా ఓటు.

ఆవడి నుంచి: మరి "చేతులారా చెడగొట్టుకున్నాడు" సంగతి? అక్కడ తృప్తి ఎక్కడుంది? "స్వయంగా" అనే అర్థం ఎప్పుడో వచ్చేసింది. కన్నడంలోనూ కణ్ణారె అంటే స్వయంగా చూడటమే.

మాంబళం: ఒప్పుకుంటాను. కానీ ఆ జారుడు కళ్ళకీ చేతులకీ మాత్రమే. నోరారా పిలవడం, మనసారా దీవించడం ఇంకా నిండుగానే ఉన్నాయి.

ఆవడి: "కడుపారా కన్న బిడ్డ"?

మాంబళం: ... దొరికిపోయాను.

మళ్ళీ నేనే: చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. 1911లో ఆ పటాన్ని దొంగ ఎత్తుకుపోతే, అది వేలాడిన ఖాళీ గోడని చూడటానికి జనం బారులు తీరారట. వాళ్ళు ఏం చూసినట్టు! ఇప్పుడైనా అంతే. దానికి ఎదురుగోడ మీద వెరొనీసె అనే చిత్రకారుడు గీసిన "కానా పెళ్ళివిందు" పటం ఉంది, దాదాపు పది మీటర్ల వెడల్పు. అందరి వీపులూ అటే. ఆ మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్నవి సుమారు 35,000. ఒక్కోదానికి అరనిమిషం ఇచ్చినా, నిద్రాహారాలు లేకుండా 12 రోజులు పడుతుంది. అందుకని లెక్క మానేశాను.

నిజానికి నేను ఎక్కువసేపు ఆగింది మెట్ల దగ్గర. మోకాలు పట్టేసింది. పైన సమోత్రేస్ విజయదేవత అనే గ్రీకు శిల్పం, పాలరాయి, రెండు వేల ఏళ్ళు దాటింది. తల లేదు, చేతులు లేవు, రెక్కలున్నాయి. ఎదురుగాలికి చీర ఒంటికి అంటుకున్నట్టు రాతిలో ఆ బట్ట మడతలు. మా ఆయన వచ్చి "బస్సు!" అనేదాకా అక్కడే ఉన్నాను. ఇరవై నిమిషాలు.

అక్కకి మళ్ళీ ఫోన్ చేశాను. "మోనాలిసా కళ్ళబడింది, ఆ చేతుల్లేని తల్లిని కళ్ళారా చూశాను" అన్నాను. "ఇప్పుడు సరిగ్గా చెప్పావు" అంది.

పెరంబూరు: అన్నట్టు, కళ్ళారాలో ళకి ళ వత్తా, ల వత్తా?

మాంబళం: అయ్యా, అది రేపు.