లువా లింక్ అవట్లేదు, కొన్ని ఫంక్షన్లకే ఎర్రర్, కాస్త చూడండి

ప్రశ్న (గుంటూరు):
మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి ఉబుంటు మీద సీ ప్లస్ ప్లస్‌లో బిల్లింగ్ అప్లికేషన్ రాస్తున్నానండి. తూకం తరుగు, కమీషన్, హమాలీ లెక్కలు తరచూ మారుతుంటాయి, ప్రతిసారీ కంపైల్ చేసి ఇవ్వలేక ఆ లెక్కలు లువా (వేరే ప్రోగ్రామ్ లోపల పెట్టుకునే చిన్న స్క్రిప్టింగ్ భాష) స్క్రిప్టులో పెట్టాను. మొదట లువా ఫంక్షన్లన్నిటికీ అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ (లింక్ చేసేటప్పుడు ఆ ఫంక్షన్ దొరకలేదనే ఎర్రర్) వచ్చింది. లువా డాట్ హెచ్ తీసేసి లువా డాట్ హెచ్‌పీపీ ఇన్‌క్లూడ్ చేశాక చాలావరకు పోయాయి. లువా_పీకాల్‌కే, లువా_టునంబర్‌ఎక్స్, లువా_గెట్‌గ్లోబల్ లాంటివి మాత్రం మిగిలాయి. పీకాల్‌కే అని నేనెక్కడా రాయలేదు, ఉత్త పీకాలే రాశాను! మూడు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు (విజయవాడ):
ఆ చివర ఉన్న "కే"నే పట్టుకోండి. లువా 5.1లో పీకాల్ మామూలు ఫంక్షన్, 2011లో వచ్చిన 5.2 నుంచి మాక్రో (కంపైల్‌కి ముందే వేరే కోడ్‌గా మారిపోయే పేరు) అయింది, కంపైలర్ దగ్గరికి వెళ్లేసరికి పీకాల్‌కేగా మారుతుంది. గెట్‌గ్లోబల్ దీనికి రివర్స్, 5.1లో మాక్రో, తర్వాత ఫంక్షన్. అంటే మీ హెడర్లు (లువా డాట్ హెచ్ లాంటి ఇన్‌క్లూడ్ ఫైళ్లు) కొత్తవి, లింక్ అవుతున్న లైబ్రరీ 5.1ది. న్యూస్టేట్, క్లోజ్ ఫంక్షన్లు రెండు వెర్షన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటికి ఎర్రర్ రాలేదు. మేక్‌ఫైల్ (కంపైల్, లింక్ కమాండ్లు రాసి ఉండే ఫైల్) ఒకసారి చూడండి.

జవాబు (తెనాలి):
అన్న చెప్పిందే కరెక్ట్. హెడర్లు ప్రాజెక్ట్ ఫోల్డర్లోకి కాపీ చేసుకునే అలవాటుంటే మానేయండి బ్రదర్, నాకూ అక్కడే దెబ్బ పడింది. హెడర్ దారి, లైబ్రరీ పేరు రెండూ పీకేజీ కాన్ఫిగ్‌నే (అవి చెప్పే చిన్న టూల్) అడిగితే ఒకే వెర్షన్‌వి వస్తాయి. ఇంకోటి, కమాండ్‌లో లైబ్రరీ పేరు మీ ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే రావాలి, స్టాటిక్ (లైబ్రరీ ప్రోగ్రామ్ లోపలే కలిసిపోవడం) అయితే మరీ ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు:
దొరికిందండి! పాత ప్రాజెక్ట్ నుంచి తెచ్చుకున్న మేక్‌ఫైల్లో మైనస్ ఎల్ లువా 5.1 అని ఉంది. 5.4కి మార్చగానే లింక్ అయింది. కొట్టులో సిస్టమ్ మీద లువా లేదు కదా అని స్టాటిక్‌గా పెట్టాను. ఇప్పుడు కాటా నుంచి బరువు చదివే సీ మాడ్యూల్‌ని లువా స్క్రిప్టులో రిక్వైర్ చేస్తే (లోడ్ చేస్తే), లువా_గెట్‌టాప్ సింబల్ లేదంటోంది.

జవాబు (విజయవాడ):
లువా మీ ప్రోగ్రామ్ లోపలే ఉంది, కానీ ఆ పేర్లు బయటికి కనపడట్లేదు. మెయిన్ ప్రోగ్రామ్ లింక్ చేసేటప్పుడు మైనస్ ఆర్‌డైనమిక్ ఇవ్వండి. మాడ్యూల్లో మాత్రం ఇంకో లువా కలపొద్దు, దయచేసి. ఒకే ప్రాసెస్‌లో రెండు కాపీలుంటే ఎక్కడ క్రాష్ అవుతుందో పట్టుకోలేరు, బిల్లు మధ్యలో ఆగిపోతే రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసిందండి, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) పెడితే 42.6 కిలోలు నేరుగా బిల్లులో పడింది.