కింద చెప్పుల దుకాణం కాలింది, పై ఇంట్లో మసి: రంగు వేస్తే సరిపోతుందా?

ప్రశ్న (కొర్లగుంట ఇంటాయన):
తిరుపతిలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద అద్దెకిచ్చిన చెప్పుల దుకాణం కాలిపోయింది. పైకి మంట రాలేదు, పొగ వచ్చింది. మెట్ల వైపు గోడలు నల్లబడ్డాయి. వెనక పడకగది తెల్లగానే ఉంది, కానీ తలుపు తీస్తే ఘాటు వాసన. తడిగుడ్డతో తుడిచి రెండు పూతల రంగు వేస్తే చాలంటున్నాడు రంగుల మేస్త్రీ. దుకాణం స్లాబు అడుగున పెచ్చులు ఊడాయి. ముందు ఏం చేయాలి?

జవాబు 1 (నష్టం అంచనా పనిలో ఉన్నవాణ్ణి):
ముందు మేస్త్రీని ఆపండి. కట్టెలు, కాగితాలు కాలిన మసి పొడిగా ఉంటుంది, దులిపితే రాలుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ మసి జిడ్డు. తడిగుడ్డ పెడితే అలుక్కుని గోడకు పట్టేస్తుంది. దానిపై మామూలు రంగు వేస్తే మరకా వాసనా మళ్లీ పైకి తేలతాయి.

నేనైతే నల్లగోడల కన్నా ఆ తెల్లటి గదినే ముందు చూస్తాను. చెప్పుల్లో పీవీసీ ఉంటుంది. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తేమ తగలగానే ఆమ్లమవుతుంది. గోడ మీద కనపడదు, లోహాన్ని మాత్రం తినేస్తుంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో స్విచ్‌బోర్డు విప్పించండి. రాగి తీగల కొసలు ఆకుపచ్చగా మారాయా? తలుపు బందులు తుప్పెక్కాయా? బీరువా వెనక, ఫ్యాను రెక్కల పైన తెల్ల నూలుగుడ్డతో ఒక్కసారి తుడిచి, ఏ గుడ్డ ఎక్కడిదో రాసి ఫొటో తీయండి. ఏసీ, ఫ్యాన్లు వేయకండి, మసి ఇల్లంతా తిరుగుతుంది.

జవాబు 2 (సివిల్ ఇంజనీరు):
పెచ్చులు ఊడిన చోట కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగిందా? సుమారు 300 డిగ్రీలు దాటితే ఇనుప ఖనిజమున్న కంకర అలా మారుతుంది. అన్ని కంకరలూ మారవు, కాబట్టి రంగు మారలేదని నిశ్చింతగా ఉండకండి. రీబౌండ్ హామర్ (కాంక్రీటుపై తట్టి చూసే పరికరం) పైపొర గట్టిదనమే చెబుతుంది. అనుమానముంటే కోర్ (పరీక్షకు స్లాబు నుంచి తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీయించాలి. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగంలో అడిగి చూడండి. అంతవరకు ఆ స్లాబు మీద బీరువాలు, నీళ్ల డ్రమ్ములు వద్దు.

జవాబు 3:
బీమా సర్వేయరు చూసేదాకా ఏదీ పారేయకండి. కింద దుకాణం ఉందని పాలసీలో రాయించారా? ఇళ్లకిచ్చే భారత్ గృహ రక్ష బీమా పాలసీ నివాసానికే వర్తిస్తుంది.

ఇంటాయన:
బోర్డు విప్పించాను. మీరన్నట్టే తీగల కొసలు ఆకుపచ్చగా మారాయి. పాలసీ కాగితాలు వెతుకుతున్నాను.

జవాబు 1:
అయితే ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేయండి. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని స్విచ్ వేయకండి, లోపల మసి ఉంటే షార్టవుతుంది. పచ్చబడిన తీగలను సర్వేయరుకు మీరే చూపించండి, నల్లగోడలు చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.