డాక్‌లో పెట్టగానే స్విచ్‌లో ఆట ఎందుకు మెరుగ్గా కనిపిస్తుంది?

ప్రశ్న:
నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ పరికరాన్ని చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు కాస్త మసకగా ఉన్న ఆట, డాక్‌లో (దాన్ని టీవీకి కలిపే స్టాండ్‌లో) పెట్టి టీవీలో చూస్తే స్పష్టంగా మారుతోంది. డాక్‌లో అదనపు ప్రాసెసర్ ఏమైనా ఉందా? మా అమ్మాయి అడిగితే సరైన సమాధానం చెప్పలేకపోయాను.

మొదటి జవాబు:
లేదండీ. డాక్ విద్యుత్తును అందించి, దృశ్యాన్ని హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీకి పంపుతుంది. లెక్కలన్నీ చేసేది పరికరంలోని ఎన్విడియా టెగ్రా చిప్పే. చేతిలో ఉన్నప్పుడు బ్యాటరీ త్వరగా తరిగిపోకుండా, వేడి పెరగకుండా గ్రాఫిక్స్ భాగాన్ని తక్కువ వేగంతో నడుపుతారు, డాక్‌లో పెట్టగానే ఆ పరిమితి సడలుతుంది. అందువల్ల 6.2 అంగుళాల సొంత తెరపై గరిష్ఠంగా 1280×720 పిక్సెళ్లు ఉంటే, టీవీలో 1920×1080 వరకు వెళ్లవచ్చు. ప్రతి ఆటా అంత దూరం వెళ్లదు. అది ఆటను రూపొందించినవారు తీసుకునే నిర్ణయం.

రెండో జవాబు:
బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. 2017 మార్చిలో వచ్చిన మొదటి స్విచ్ ఆటను బట్టి సుమారు రెండున్నర నుంచి ఆరున్నర గంటలు పనిచేస్తుంది. 2019లో చిప్‌ను మార్చడంతో, బ్యాటరీ సామర్థ్యం అంతే ఉన్నా, అది నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలకు పెరిగింది. పాతది కొనదలచినవారు ఈ తేడాను తప్పకుండా గమనించాలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. స్విచ్ లైట్ అనే మోడల్‌ను కూడా టీవీకి కలపవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
కుదరదు. లైట్ చేతిలో ఆడటానికి మాత్రమే తయారైంది; దాని నుంచి టీవీకి దృశ్యం వెళ్లదు, కంట్రోలర్లు కూడా విడదీయడానికి రావు.