ఒట్టావా మంచులో మనుమలతో శీతకాలం: ఎక్కడికి వెళ్లాలి, సంక్రాంతి ఎలా జరుపుకోవాలి?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడుగారు కెనడా రాజధాని ఒట్టావాలో ఉంటున్నారు. ఈ డిసెంబరులో నేనూ మా వారూ అక్కడికి వెళ్లి, మార్చి నెలాఖరు దాకా మనుమడు, మనుమరాలి దగ్గర ఉండాలనుకుంటున్నాము. లోగడ వేసవిలో వెళ్లి వచ్చాము కానీ మంచు కాలం ఇంతవరకు చూడలేదు. మనకు తెలిసిన చలి అంటే ధనుర్మాసంలో నాగావళి మీద కమ్ముకునే పొగమంచు, మహా అయితే లంబసింగి చలి. అక్కడికి వెళ్లిన పెద్దవాళ్లు చాలామంది శీతకాలమంతా గది దాటకుండా గడిపామని చెబుతుంటారు. పిల్లలకు సెలవులిచ్చి అందరూ బయట తిరిగే రోజుల్లో మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అరవై దాటినవాళ్లు మనుమలతో కలిసి వెళ్లదగిన చోట్లు ఏవి? మా ఇంట్లో భోగిమంట, భోగిపళ్లు, రథసప్తమికి అరసవల్లి దర్శనం ఏటా తప్పకుండా జరుగుతాయి. వీటిలో అక్కడ ఏవి సాధ్యమవుతాయో, ఎలా జరుపుకుంటారో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మా వారికి రక్తపోటు, నాకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

గంటస్తంభం (విజయనగరం):

చెల్లెమ్మా, మా అబ్బాయి ఉండేది ఆ ఊళ్లోనే కనుక అక్కడి శీతకాలం నాకు బాగానే పరిచయం. నా మాటగా ఒక్కటి పట్టుకోండి. ఎంత చలిగా ఉన్నా, ప్రమాద హెచ్చరిక ఉన్న రోజు తప్ప, ప్రతిరోజూ పగటి పూట కాసేపైనా బయటికి వెళ్లాలి. డిసెంబరు చివరలో అక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. పొద్దున్న బద్ధకించి మధ్యాహ్నం చూద్దాంలే అనుకుంటే ఆ రోజు వెలుతురు చూడనట్టే, అలా నాలుగు రోజులు గడిస్తే మనసు దిగాలు పడుతుంది.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతో పాటు, గాలి వల్ల ఒంటికి ఎంత చలి తెలుస్తుందో వేరే అంకెగా ఇస్తారు. మీరు చూసుకోవలసింది ఈ రెండో అంకెనే. అది మైనస్ 28కి దిగిందంటే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అలాంటి రోజుల్లో పిల్లలను తీసుకుని డైనోసార్ ఎముకలు ఉన్న ప్రకృతి మ్యూజియానికో, నది అవతల గాటినోలో ఉన్న చరిత్ర మ్యూజియానికో వెళ్లండి. ఈ రెండోదానిలో పిల్లల కోసమే ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉంది, అక్కడికి వెళితే సాయంత్రం దాకా వాళ్లు ఇంటి ఊసు ఎత్తరు.

బట్టల విషయంలో మనవాళ్లు ఒక్క లావుపాటి కోటును నమ్ముకుంటారు. అది చాలదు. ఒంటికి ఆనుకుని నూలు బట్ట వేసుకుంటే చెమటకు తడిసి ఆరదు కనుక, లోపల ఉన్నిది గాని థర్మల్ గాని వేసుకుని, దాని మీద స్వెట్టరు, ఆపైన గాలి చొరబడని కోటు వేసుకోవాలి. చేతులకు వేళ్లన్నీ ఒకే అరలో ఉండే తొడుగులు మేలు. చీర కట్టుకోవచ్చు కానీ కుచ్చిళ్లు మంచులో తడిసి గట్టిపడతాయి కాబట్టి, బయట తిరిగే రోజున లోపల థర్మల్ ప్యాంటు వేసుకుని చీరను కాస్త పైకి కట్టుకోవాలని మా ఆవిడ చెప్పమంది.

ఇక తప్పకుండా చూడవలసింది రిడో కాలువ. 1832లో పూర్తయిన ఈ కాలువకు 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చలికాలంలో నగరం నడిబొడ్డున 7.8 కిలోమీటర్ల మేర గడ్డకట్టిన నీటి మీద స్కేటింగు చేస్తారు. స్కేట్లు లేకపోయినా మామూలు మంచు బూట్లతో నడవనిస్తారు. చంటిపిల్లలను చిన్న బల్లబండ్ల మీద కూర్చోబెట్టి తోసుకుపోయే తల్లిదండ్రులు, సంచి భుజాన వేసుకుని స్కేటింగు చేస్తూనే ఆఫీసుకు వెళ్లేవారు, చేతులు వెనక్కి కట్టుకుని నిదానంగా జారుకుంటూ పోయే డెబ్భై ఏళ్లవాళ్లు, అందరూ ఆ కాలువ మీదే కనిపిస్తారు. దారి పక్కన బీవర్‌టెయిల్స్ అనే దుకాణంలో గోధుమపిండి ముద్దను పొడుగ్గా సాగదీసి నూనెలో వేయించి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి వేడివేడిగా ఇస్తారు. మనుమలతో కలిసి నిలబడి తినండి.

బొబ్బిలి_ఆడపడుచు (ఒట్టావా):

పిన్నిగారూ, మా పుట్టిల్లు బొబ్బిలి, చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాము. పండుగ సంగతి నేను చెబుతాను. సంక్రాంతికి ఇక్కడ సెలవు ఉండదు, క్రిస్మస్ సెలవులు అయిపోయి బడులు అప్పటికే తెరుస్తారు. అందుచేత మేము పండుగనాడు ఇంట్లో పూజ, పొంగలి చేసుకుని, ఆ దగ్గరి శనివారం నాలుగు కుటుంబాలం కలుస్తాము. పోకుండలు, అరిసెలు ముందు రోజు రాత్రే వండేస్తాము. భోగిపళ్లకు రేగుపళ్లు దొరకవు కనుక, ఎర్రగా అదే పరిమాణంలో ఉండే క్రాన్‌బెర్రీలను చిల్లర నాణేలు, సెనగలు, పూలరేకులతో కలిపి పోస్తాము.

ముగ్గు మాత్రం మంచు మీదనే వేస్తాము, ఇది మా పిల్లలు పెట్టిన ఆనవాయితీ. తెల్లటి మంచు మీద బియ్యప్పిండి కనబడదు. అందుకని పార వెనుక వైపుతో మంచును తట్టి చదును చేసి, వంటరంగు కలిపిన నీళ్లను సన్నని మూతి ఉన్న సీసాలతో పోస్తూ చుక్కలు పెట్టి కలుపుతాము. చదును చేయకపోతే రంగు లోపలికి ఇంకిపోయి గీత కనిపించదు. బాగా చలిగా ఉన్న రోజున గీసిన గీత అక్కడికక్కడే గడ్డకడుతుంది, మళ్లీ మంచు కురిసే వరకు ముగ్గు చెక్కుచెదరదు. నడుమ మంచు ముద్దలనే గొబ్బెమ్మలుగా పెట్టి, పసుపు కుంకుమ అద్ది, దుకాణంలో కొన్న చామంతులు గుచ్చుతాము. అయితే మైనస్ 10 దాటిన చలిలో మంచు పొడిపొడిగా ఉండి ముద్ద కాదు, అప్పుడు గోరువెచ్చని నీళ్లు చిలకరించుకోవాలి.

భోగిమంట ఎక్కడపడితే అక్కడ వేయడానికి వీలు లేదు, ఊళ్లో ఆరుబయట మంటకు ముందుగా అనుమతి తీసుకోవాలి. దానికి బదులు మేము గాటినో పార్కుకు వెళతాము. అడవి దారుల్లో నడిచేవాళ్లు, స్కీయింగు చేసేవాళ్లు ఆగి భోంచేయడానికి అక్కడ కర్రలపొయ్యి ఉన్న చిన్న చిన్న విడిది ఇళ్లు ఉన్నాయి. మంచులో కాలు దిగబడకుండా బూట్లకు వెడల్పాటి మంచు పట్టాలు (స్నోషూలు) కట్టుకుని పిల్లలు ముందు నడుస్తుంటే, పెద్దవాళ్లం పులిహోర డబ్బాలు పట్టుకుని వెనుక నడుస్తాము. పొయ్యి చుట్టూ తడి చేతి తొడుగులు ఆరబెట్టుకుంటూ తిన్న ఆ పులిహోర రుచి ఇంట్లో రాదు. మీరు వస్తే దగ్గరి విడిదికే వెళ్దాము, మోకాళ్లకు భయం లేదు.

రథసప్తమికి జిల్లేడాకులు, చిక్కుడాకులు ఇక్కడ దొరకవు. పచ్చి ఆకులు, విత్తనాలు వెంట తేకండి, విమానాశ్రయంలో ఆంక్షలు ఉన్నాయి. తూర్పు కిటికీ దగ్గర పాలు పొంగించి పాయసం నివేదన చేస్తాము. ఆ రోజుల్లోనే ఇక్కడ 1979 నుంచి జరుగుతున్న వింటర్‌ల్యూడ్ అనే మంచు పండుగ ఉంటుంది కనుక, ఆ వారాంతం మంచుగడ్డలతో చెక్కిన శిల్పాలు చూసి, పిల్లలను మంచు జారుడుబల్లల దగ్గరికి తీసుకుపోతాము.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

అన్నయ్యగారికి, బొబ్బిలి అమ్మాయికి కృతజ్ఞతలు. మంచు ముగ్గు సంగతి చదివి మా మనుమరాలు రంగులు ఇప్పుడే ఏరి పెట్టుకుంటోందట. మంచు మీద కాలు జారకుండా ఏం చేయాలి? మా వారు ఇంటి ముందు మంచు తానే తీస్తానంటున్నారు, తీయనివ్వవచ్చా?

గంటస్తంభం (విజయనగరం):

తీయనివ్వవద్దమ్మా. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, దానికి బరువైన మంచు ఎత్తే శ్రమ తోడైతే గుండెకు ప్రమాదం. బావగారికి పిల్లల బల్లబండి తాడు పట్టుకునే పని అప్పగించండి. బయల్దేరే ముందు డాక్టరును కలిసి, మొత్తం కాలానికి సరిపడా మందులు చీటీతో సహా పెట్టుకోండి. అతిథులుగా వెళ్లిన మనకు అక్కడి ప్రభుత్వ వైద్యం వర్తించదు కాబట్టి, రక్తపోటు సంగతి దాచకుండా రాసి ప్రయాణ బీమా తీసుకోవాలి. మీ బూట్ల అడుగున తొడుక్కునే ఇనుప ముళ్ల పట్టీలు దొరుకుతాయి. వాటితో చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనేలా వేయండి.

కాలువ ఫలానా తేదీకి తెరుస్తారని ముందే లెక్కలు వేసుకోవద్దు. మంచుగడ్డ మందం కనీసం 30 సెంటీమీటర్లు ఉంటేనే తెరుస్తారు, చలి చాలక 2022–23లో అసలు తెరవనే లేదు.

బొబ్బిలి_ఆడపడుచు (ఒట్టావా):

ఒకటి చెప్పడం మరిచాను పిన్నిగారూ. మార్చిలో మేపుల్ తోటకు వెళ్లకుండా తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వేడిమి ఉండే ఆ రోజుల్లోనే చెట్ల నుంచి రసం కారుతుంది. సుమారు 40 లీటర్ల రసం కాస్తే ఒక లీటరు పాకం వస్తుంది. దానిని ఇంకా చిక్కగా కాచి శుభ్రమైన మంచు మీద ధారగా పోస్తే, అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి చూసినప్పటి ఉండలాగే బిగుసుకుంటుంది. పిల్లలు దానిని పుల్లకు చుట్టుకుని తింటారు. మా పిల్లలు డిసెంబరు నుంచీ అడిగేది ఆ రోజు గురించే. తోటలకు వారాంతాల్లో రద్దీ ఎక్కువ కనుక ముందుగా స్థలం చెప్పి ఉంచమని మీ అమ్మాయితో అనండి.