సంధా, పొత్తా, సంశ్రయమా?

పిల్లల కోసం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. 1778 ఫిబ్రవరి 6న అమెరికన్లు ఫ్రాన్సుతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని 'సంధి' అన్నాను. మా అమ్మాయి చదివి, "అయితే యుద్ధం అయిపోయిందా నాన్నా?" అంది. అసలు యుద్ధం ముదిరిందే అప్పుడు. ఏ మాట వాడాలి?

— మీ అమ్మాయి సరిగ్గా పట్టుకుందండీ. సంధి అంటే మనకు కత్తులు దించినట్టే వినబడుతుంది. దాన్ని 1783 పారిస్ ఒప్పందానికి అట్టిపెట్టండి. 1778 నాటిది పొత్తు. ఈ మాటకు కలిసి తినడమనే అర్థం కూడా ఉంది. లాభమైనా నష్టమైనా ఇద్దరిదీ. ఒప్పందంలోనూ అదే ఉంది: ఒకరి సమ్మతి లేకుండా ఇంకొకరు బ్రిటన్‌తో రాజీపడకూడదు, అమెరికా స్వాతంత్ర్యం ఖాయమయ్యేదాకా ఆయుధాలు దించకూడదు.

అంతకుముందు ఫ్రాన్సు చేసినదాన్ని మాత్రం పొత్తు అనకండి. ఫ్రెంచి నాటకకర్త బొమార్షే ఉత్తుత్తి వర్తక సంస్థ ఒకటి పెట్టి అమెరికన్లకు తుపాకిమందు పంపించాడు. అది చాటుసాయం. 1777 అక్టోబరులో సారటోగా దగ్గర బ్రిటిష్ సైన్యం లొంగిపోయాకే ఫ్రెంచి రాజు బాహాటంగా చేయి కలిపాడు. ఆ పొత్తు విలువ యార్క్‌టౌన్‌లో తెలిసింది. ఫ్రెంచి నౌకాదళపతి ద గ్రాస్ నౌకలు చెసాపీక్ అఖాతం మూతి మూసేశాయి. సముద్రం మీద సాయం అందక అక్కడి బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1781 అక్టోబరు 19న లొంగిపోయాడు.

— మూడో మాట కూడా ఉంది, సంశ్రయం. రాజనీతి చెప్పే ఆరు గుణాల్లో ఒకటి, బలవంతుడి నీడ చేరడం. 1798లో హైదరాబాదు నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైన్య సహకార ఒప్పందానికి నేనైతే ఈ మాటే వాడతాను. నిజాం దగ్గర కంపెనీ ఉంచిన సైన్యం ఖర్చు కిందే 1800లో బళ్ళారి, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. వాటికి దత్త మండలాలని పేరు. మాది కడప. ఎవరిని అడిగి దత్తం చేశారు? 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అని పేరు పెట్టుకున్నాకే ఆ ముద్ర పోయింది.

— ఇద్దరికీ కృతజ్ఞతలు. 'పొత్తు' అని మార్చేశాను. ఒక చిక్కు మిగిలింది. 1782 నవంబరు 30న అమెరికన్లు ఫ్రాన్సుకు చెప్పకుండానే బ్రిటన్‌తో ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలు చేశారు. 'పొత్తు చెడింది' అని రాయబోయి ఆగాను. ఫ్రాన్సుతో కూడా బ్రిటన్‌కు రాజీ కుదిరితేనే అది ఖరారవుతుందని అందులోనే రాసుకున్నారు. అందుకే 'మాట తప్పారు గానీ పొత్తు తెంచుకోలేదు' అని రాస్తున్నాను.