ఆది ఇస్తాం, కొలత తీసుకుంటారు: హనోయ్ దర్జీ దగ్గర గుర్తొచ్చిన తెలుగు మాట

సభ్యులకు నమస్కారం. "ఆది" అనే మాటకు మీ మీ ఊళ్లలో ఉన్న వాడుక తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు నమూనాగా ఇచ్చే ఆది జాకెట్టులోని ఆది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా, దాని బరువు నాకు మొన్న హనోయ్‌లో ఒక దర్జీ బల్ల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

నాతో పనిచేసే ఒక వియత్నాం మిత్రుడి పెళ్లికి మగవాళ్లమంతా ఆవ్ జాయ్ వేసుకోవాలని అనుకున్నాం. ఆవ్ అంటే ఒంటిపైన తొడుక్కునేది, జాయ్ అంటే పొడుగు. దక్షిణాదిన దీన్నే ఆవ్ యాయ్ అని పలుకుతారు. ఫొటోల్లో ఆడవాళ్ల ఆవ్ జాయ్ చూసి ఇది ఆడవాళ్ల దుస్తులే అనుకుంటాం కానీ, మగవాళ్లకూ ఉంది. అందులో పాత కత్తిరింపును ఆవ్ ఙూ థన్ అంటారు, ఐదు ముక్కల అంగీ అని అర్థం. (మన వర్ణమాలలో ఙ అక్షరాన్ని వల్లెవేసి వదిలేస్తాం. వీళ్లకు దానితోనే మొదలయ్యే మాటలున్నాయి. నాకు ఆ పలుకు ఇక్కడికి వచ్చాకే పట్టుబడింది.)

ముందు రెండు, వెనక రెండు, కుడివైపు లోపల దాగి ఉండే చిన్న ముక్క ఒకటి: మొత్తం ఐదు. పైకి కనిపించే నాలుగూ తన తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి తల్లిదండ్రులు. వాళ్ల చాటున ఒదిగి ఉన్న ఐదోది తొడుక్కున్న మనిషి అని చెబుతారు. గుండీలూ ఐదే. 1744లో దక్షిణ ప్రాంతపు ప్రభువు ఙుయెన్ ఫుక్ ఖొవాట్, ఇప్పటి హుయే నగరం ఉన్న ఫూ సువన్‌లో చేసిన దుస్తుల సంస్కరణ నుంచి ఈ అంగీ చరిత్ర మొదలవుతుంది. తరవాత 19వ శతాబ్దంలో మిన్ మాంగ్ చక్రవర్తి దీన్ని ఉత్తరాదికీ తెచ్చాడు.

ఇక దర్జీ సంగతి. ఆమెకు అరవై ఏళ్లుంటాయి. అలాంటి వాళ్లను "కో" అని పిలుస్తారు, అంటే మేనత్త. మెడను కూడా "కో" అంటారు, స్వరం మాత్రం వేరు. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒక్కటైపోతాయి, వాళ్ల చెవికి అసలు పోలికే లేదు.

ముందురోజే నా కొలతలు ఫోనులో పంపాను: మెడ 16, ఛాతీ 40. చిన్నపిల్లవాడికా అని అడుగుతూ జవాబు వచ్చింది. వాళ్లకు కొలతంటే సెంటీమీటర్లే. మన దర్జీల టేపుకు ఒక పక్క ఇంచీలు, రెండో పక్క సెంటీమీటర్లు ఉంటాయి కానీ, ఆ రెండో పక్క ఎవరైనా చదవగా నేను చూడలేదు. అందుకని మర్నాడు నాకు బాగా కుదిరిన చొక్కా ఒకటి మడతపెట్టి తీసుకెళ్లాను. ఆది ఇస్తే సరిపోతుందని నా ధైర్యం.

ఆమె చొక్కా విప్పి భుజం మీది కుట్టును వేలితో తడిమి పక్కన పెట్టేసింది. ఇది పనికిరాదు అంది. చొక్కాకు భుజం దగ్గర కుట్టు ఉంటుంది, అక్కడి నుంచి చెయ్యి వేరే ముక్క. ఐదు ముక్కల అంగీకి భుజం మీద కుట్టే లేదు. మెడ నుంచి మోచేతి దాకా ఒకే గుడ్డ జారి వస్తుంది, అతుకు చేతి మధ్యలో ఎక్కడో పడుతుంది. పాతకాలపు మగ్గం గుడ్డకు పన్నా తక్కువ. ఎక్కడ గుడ్డ అయిపోతే అక్కడ అతుకు. ఇప్పుడు వెడల్పాటి గుడ్డ దొరుకుతున్నా అతుకును అక్కడే ఉంచుతున్నారు. వీపు మధ్యలో నిలువుగా వచ్చే కుట్టూ అటువంటిదే.

అందుకని ఆమె నన్ను తల వంచమంది. తల వంచితే మెడ కింద ఒక ఎముక పైకి తేలుతుంది కదా, దాని మీద టేపు కొసను బొటనవేలితో నొక్కిపెట్టి, భుజం మీదుగా, కాస్త దూరంగా పట్టుకున్న చేతి వెంట మణికట్టు దాకా లాగింది. 80. లోపల తెల్లటి అంగీ వేసుకుంటావు కదా అని అడిగి, ఛాతీ కొలిచేటప్పుడు టేపు కింద రెండు వేళ్లు దూర్చి వదులు చూసుకుంది. మెడ చుట్టూ కొలిచేటప్పుడు "వోంగ్ కో" అని పలుకుతూ రాసుకుంది. వోంగ్ అంటే చుట్టు. మెడ చుట్టుకొలతకూ మెడలో వేసుకునే హారానికీ వాళ్లకు ఆ ఒక్క మాటే!

పని ముగిశాక ఆమె చెప్పిన ఒక సామెతే నన్ను ఈ చర్చకు లాక్కొచ్చింది. "డో ని డోంగ్ జై." డో అంటే కొలవడం, డోంగ్ జై అంటే చెప్పులు కుట్టడం. ఆ మనిషికే అచ్చంగా అమరే పనికి ఈ మాట వాడతారు. మధ్యలో ఉన్న "ని" మామూలు కొలత కాదు. పొలం కొలిస్తే ని అనరు, బియ్యం కొలిచినా అనరు. చెప్పులకో బట్టలకో మనిషిని కొలిచినప్పుడే ని.

అప్పుడు మన ఆది గుర్తొచ్చింది. కొలత అనే మాట మనం అన్నింటికీ వాడతాం: స్థలానికి, పాలకు, ఒంటికి. ఆది మాత్రం కుట్టుపనిది. ఆ రెండింటికీ క్రియలు కూడా వేరు. కొలతలు "తీసుకునేది" దర్జీ. ఆది "ఇచ్చేది" మనం. కొలత అంకెల్లోకి మారుతుంది, ఆది గుడ్డగానే ఉంటుంది. నమూనా అంటే సరిపోతుందని కొందరు అనవచ్చు, నేను ఒప్పుకోను. నమూనా చూపించడానికి, ఆది కుట్టడానికి. ఇంత కచ్చితమైన మాట ఉంచుకుని దుకాణాల్లో "శాంపిల్ ఇవ్వండి" అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

నా ప్రశ్నలు రెండు. మీ వైపు ఆది జాకెట్టుకేనా, మగవాళ్ల బట్టలకూ అంటారా? మెడ ఎముక నుంచి మణికట్టు దాకా ఉన్న ఆ కొలతకు తెలుగులో పేరుందా?

వ్యాఖ్య (భీమవరం నుంచి)
చాలా మంచి చర్చండీ. మా అమ్మగారు "ఆది కంటే అర ఇంచీ వదులు" అని చెప్పి మరీ ఇస్తారు. అంటే ఆది ఇచ్చినా కొలత తప్పదు. నాకొక ఆలోచన: సంస్కృతంలో ఆది అంటే మొదలు. తరవాత కుట్టేవాటికి మొదలు ఇదే కనుక ఆ పేరు వచ్చి ఉంటుందా?

జవాబు
అమ్మగారి మాట బాగుందండీ. వ్యుత్పత్తి విషయంలో నాకూ ఆ ఊహ ముచ్చటగానే తోచింది, కానీ పలుకు ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కానక్కరలేదు. పాత ప్రయోగం దొరికేదాకా ఊహగానే ఉంచుదాం.

వ్యాఖ్య (వరంగల్ నుంచి)
మా నాన్నగారు నలభై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నారు. అడిగాను. ప్యాంటుకూ చొక్కాకూ ఆది అని ఇచ్చేవాళ్లు ఉన్నారట. చెయ్యి మాత్రం భుజం చివర నుంచే కొలుస్తారు, మెడ నుంచి ఎప్పుడూ కొలవలేదన్నారు. పేరు కూడా తెలియదన్నారు.

వ్యాఖ్య (కాకినాడ నుంచి)
పేరు మన దగ్గరే ఉంది కదండీ! పూలు మూరల్లో కొలుస్తాం, తాడు బారల్లో. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు బార. మెడ దాని నడిమధ్య. మీ దర్జీ కొలిచింది అర బార.

జవాబు
కాకినాడ మిత్రులకు చేతులెత్తి నమస్కారం. ఇది చదవగానే లేచి గోడకు ఆనుకుని కొలిపించుకున్నాను. నా బార 180 సెంటీమీటర్లు, అర బార 90. మణికట్టు దాకానే కావాలి కనుక అరచెయ్యి, వేళ్లు కలిపి 19 తీసేస్తే 71 రావాలి. కానీ ఆమె రాసుకున్నది 80. తప్పెక్కడ అని మళ్లీ కొలిపిస్తే తెలిసింది: చేతులు బారగా చాపినప్పుడు భుజం మెడ వైపు ముడుచుకుంటుంది. చెయ్యి దించగానే టేపు భుజం గుట్ట ఎక్కి దిగాలి, ఆ దారి పొడుగు. అంటే చెయ్యంత తీసేయనక్కరలేదు, నాలుగు వేళ్ల వెడల్పు తీస్తే దాదాపు సరిపోతోంది. "బెత్తెడు తక్కువ అర బార." నా ఒక్కడి ఒంటి మీద చూసిన లెక్క ఇది. మరికొందరు చూసి చెప్పండి.

వ్యాఖ్య (వరంగల్ నుంచి)
నాన్నగారు నన్నే నిలబెట్టి కొలిచారండీ. నాకు బెత్తెడు మీద ఇంకో రెండు వేళ్లు తీయాల్సి వచ్చింది. "చెయ్యి ఎంత దించాడో అడుగు, అక్కడే ఉంది తేడా" అన్నారు.

జవాబు
నిజమే, చెయ్యి ఎంత దించానో నేను చూసుకోలేదు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

అంగీ నిన్న చేతికొచ్చింది. ముదురు నీలం, వీపు కుట్టు నిలువునా తీగలా ఉంది. మళ్లీ కుట్టించుకునేటప్పుడు చొక్కా తేవద్దు, ఇదే పట్టుకురా అంది ఆమె. ఆదికి పాత ప్రయోగాలు ఎవరికైనా కనబడితే పేజీ ఫొటోతో సహా ఇక్కడే పెట్టండి.